అబద్ధానికైనా ఒక ప్రమాణం ఉండాలి

పత్రికా స్వేచ్ఛ గురించి మాట్లాడేవారందరూ హంతకులనే తప్పుపడతారు కానీ, హత్య తరువాత వెలువడే అధికారిక వివరణల నాణ్యత ఎంతగా దిగజారిపోయిందో ఒక్కరూ పట్టించుకోవడం లేదు. ఈ ఫిర్యాదును నేను కేవలం ఒక వినియోగదారుడిగా చేస్తున్నాను. ప్రపంచంలో ఏ మూల ఒక విలేకరిని చంపినా, ఆ తరువాత తయారయ్యే వివరణ చివరికి వచ్చి పడేది మన గుమ్మంలోనే. పొద్దున కాఫీతో పాటు దానిని మింగవలసింది మనమే. మింగవలసిన సరుకు మీద కనీసం ఒక ఐ.ఎస్.ఐ. ముద్ర అయినా ఉండాలని కోరడం అత్యాశ అనిపించుకోదు.

2025 నవంబరు 18న వైట్‌హౌస్‌లో జరిగిన ముచ్చట చూశాక ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు. సౌదీ యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఉన్న ట్రంప్‌ను ఒక టీవీ విలేకరి, సౌదీ పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గీ హత్య గురించి అడిగారు. ఆ పెద్దమనిషంటే చాలామందికి గిట్టేది కాదనీ, గిట్టినా గిట్టకపోయినా ఇలాంటివి జరుగుతుంటాయనీ అధ్యక్షులవారు సెలవిచ్చారు. అంతటితో ఆగకుండా, అతిథిని ఇబ్బంది పెట్టే ప్రశ్న వేసినందుకు ఆ విలేకరిని మందలించి, ఆమె పనిచేసే ఛానెల్ లైసెన్సు లాగేసుకోవాలని కూడా అన్నారు. ఆ గదిలో అందరూ చూస్తుండగా నమోదైన నేరం ఒక్కటే, అది ప్రశ్న అడగడం.

అంతకు ఏడేళ్ల ముందు ఇదే హత్యకు కనీసం అబద్ధమాడే ఓపిక ఉండేది. 2018 అక్టోబరు 2న, పెళ్లికి కావలసిన కాగితం కోసం ఖషోగ్గీ ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లోకి వెళ్లారు. ఆయన పెళ్లాడబోయే మహిళ గేటు బయట నిలబడి ఎదురుచూస్తూనే ఉంది. ఆయన లోపలికి వెళ్లిన కొన్ని నిమిషాలకో, గంటకో బయటికి వచ్చేశారని తనకు తెలిసినట్టు యువరాజు ఒక అంతర్జాతీయ వార్తాసంస్థకు చెప్పారు. ఆ మాటకు రుజువుగానో ఏమో, అక్టోబరు 6న కాన్సల్ జనరల్ గారు రాయిటర్స్ విలేకరులను పిలిచి తమ భవనమంతా తిప్పి చూపించారు.

ఆ గృహదర్శనాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఒక దేశపు దౌత్యాధికారి, సూటూ బూటూ వేసుకున్న గౌరవనీయుడు, అంతస్తు తరువాత అంతస్తు ఎక్కుతూ దిగుతూ బీరువాల తలుపులు తెరిచి చూపించారు. ఫైళ్లు దాచుకునే అరలు తెరిచి చూపించారు. అంతటితో తృప్తి చెందక, ఏసీలను కప్పి ఉంచిన చెక్క పలకలను కూడా తీయించి, ఇదిగో, ఇక్కడ కూడా లేడు కదా అన్నట్టు నిలబడ్డారు. అయ్యా, ఆయన ఫైళ్ల అరలో ఉన్నాడని మిమ్మల్ని ఎవరన్నారు? మనిషి కనిపించకుండా పోతే మామూలు జనం బంధువుల ఇళ్లలో వాకబు చేస్తారు, ఆసుపత్రులకు పరుగెత్తుతారు, బస్టాండులో చూస్తారు. అరవైకి దగ్గరపడిన నిండు మనిషి కోసం కాగితాలు పెట్టుకునే సొరుగు లాగి చూడాలన్న ఆలోచన, అతను అందులో పట్టే పరిమాణానికి వచ్చి ఉంటాడని తెలిసినవాడికి తప్ప ఎవరికి వస్తుంది? గుమ్మడికాయల దొంగ ఎవరని ఇంకా ఎవరూ అడగకముందే కాన్సల్ గారు రెండు భుజాలూ దులుపుకుని, చొక్కా విప్పి మరీ చూపించారు.

వేషధారి వ్యవహారం ఇంతకన్నా నాసిరకం. చంపినవారి బృందంలో ఒకడు ఖషోగ్గీ ఒంటి మీది బట్టలే తొడుక్కుని, గడ్డం అంటించుకుని, వెనుక తలుపు నుంచి బయటపడి, ఇస్తాంబుల్‌లోని నీలి మసీదు దాకా తిరిగి, అక్కడి మరుగుదొడ్డిలో మళ్లీ తన బట్టలు మార్చుకున్నాడు. ఇదంతా నిఘా కెమెరాలలో నిక్షేపంగా రికార్డయింది. వచ్చిన చిక్కల్లా బూట్లతోనే. చచ్చినవాడి కోటు వేసుకున్న మహానుభావుడు కాళ్లకు మాత్రం తన సొంత బూట్లే ఉంచుకున్నాడు. రెండు విమానాలలో పదిహేనుమంది దిగారు, వారిలో శవపరీక్ష నిపుణుడు కూడా ఉన్నాడు. బూట్ల సంగతి చూసేవాడు ఒక్కడు లేకపోయాడు! మన ఊళ్లలో తిరిగే పగటివేషగాళ్లు సైతం కాలి గజ్జె దాకా సరిచూసుకుని గాని గడప దాటరు.

ఆ తరువాత వచ్చినవి వరుసగా చదువుకుంటే చాలు. అక్టోబరు 15న తుర్కీ పోలీసులు సోదాకు వెళ్లే ముందు, గేటు దగ్గర కాపలా కాస్తున్న కెమెరాల ఎదురుగానే, తుడుపు కర్రలూ బకెట్లూ పట్టుకుని శుభ్రం చేసేవారు లోపలికి వెళ్లారు. 20వ తేదీన, ముష్టియుద్ధం జరిగిందనీ అందులో ఆయన పోయారనీ సౌదీ ప్రకటన వెలువడింది. ఆ మర్నాడు, ఎవరో హద్దు మీరి చేసిన పని అన్నారు. 25న, ముందే అనుకుని చేసిన హత్యలా కనిపిస్తోందని వారి ప్రాసిక్యూటరే చెప్పారు. మూడు వారాలలో నాలుగు కథలు మార్చినా, శవం ఎక్కడుందన్న ప్రశ్నకు ఈనాటికీ సమాధానం లేదు.

ఇంత దరిద్రంగా ఎందుకు అబద్ధమాడారంటే, బాగా ఆడవలసిన అవసరం వారికి లేదు గనుక. అబద్ధం మెరుగుపడాలంటే దానిని పరీక్షించేవాడు ఒకడుండాలి, తప్పితే శిక్షించేవాడు ఒకడుండాలి. ఖషోగ్గీని పట్టుకోవడానికో చంపడానికో జరిగిన పథకానికి యువరాజు ఆమోదం ఉందని అమెరికా నిఘా విభాగమే 2021 ఫిబ్రవరిలో నివేదిక విడుదల చేసింది. సౌదీని వెలివేస్తానన్న బైడెన్ 2022 జులైలో జెడ్డా వెళ్లి అదే యువరాజుతో పిడికిలి కలిపారు. ఆ ఏడాదే తుర్కీ తన కోర్టులోని కేసును తీసుకెళ్లి సౌదీ చేతిలోనే పెట్టింది. 2034 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ కూడా వారికే దక్కింది. ఇన్ని బహుమతులు అందుకున్నవాడు 2025 జూన్‌లో తుర్కీ అల్‌జాసిర్ అనే సౌదీ పాత్రికేయుడికి రాజద్రోహం పేరుతో మరణశిక్ష అమలు చేసేటప్పుడు బూట్లు మార్చుకునే శ్రమ ఎందుకు పడతాడు? వార్తాసంస్థ ద్వారా ఒక ప్రకటన ఇచ్చాడు, సరిపోయింది. ప్రపంచమంతటా విలేకరుల హత్యలలో దాదాపు 85 శాతం కేసులకు న్యాయం జరగలేదని యునెస్కో లెక్క. ఎప్పుడూ నూటికి ఎనభై అయిదు మార్కులు తెచ్చుకునేవాడిని ఇంకా బాగా చదవమని ఎవరు చెప్పగలరు?

ఇదంతా దూరదేశపు రాజుల వ్యవహారమని అనుకునేవారు భద్రాచలం దాటి కొంత దూరం వెళ్లి చూడవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో, బస్తర్‌లోని బీజాపూర్‌లో ముకేశ్ చంద్రాకర్ అనే విలేకరి ఉండేవాడు. 2021లో మావోయిస్టుల చెరలో ఉన్న సీఆర్‌పీఎఫ్ జవానును వెనక్కి తెచ్చేందుకు అడవిలోకి వెళ్లినవారిలో ఆయన ఒకడు. ప్రభుత్వానికి అప్పుడు అక్కరకొచ్చిన ఆ మనిషి, 120 కోట్ల రూపాయల రోడ్డు పనిలో నాణ్యత లేదని బయటపెట్టాడు. 2025 జనవరి 1న కనిపించకుండా పోయాడు. 3వ తేదీన ఒక కాంట్రాక్టరు ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో శవమై దొరికాడు. ట్యాంకు పైభాగాన్ని కొత్త కాంక్రీటుతో మూసేశారు. రోడ్డు మీద పడవలసిన సిమెంటు అక్కడ పడింది! ప్రధాన నిందితుడు దొరికింది మన హైదరాబాద్‌లోనే.

ఇక్కడ నాకు వ్యంగ్యం చేతకావడం లేదు. ఖషోగ్గీ కోసం కనీసం ప్రపంచం ముక్కు మీద వేలేసుకుంది. బీజాపూర్‌లో చచ్చినవాడి వెనుక ఏ పెద్ద పత్రిక నిలబడింది? ఆ మాటకొస్తే మన మండలాలలో ఇసుక లారీల గురించీ, చెరువు కబ్జాల గురించీ రాసే కంట్రిబ్యూటర్ల వెనుక ఎవరు నిలబడతారు? వారికి జీతం ఉండదు, అచ్చయిన వార్తలకు కొలిచి ఇచ్చే లైన్ అకౌంటు ఉంటుంది, అది కూడా వస్తే వచ్చినట్టు. మెడలో వేసుకోవడానికి ఒక గుర్తింపు కార్డు ఉంటుంది. సంక్రాంతికీ, ఆగస్టు పదిహేనుకూ, స్థానిక నాయకుడి పుట్టినరోజుకూ ప్రకటనల టార్గెట్ ఉంటుంది. ఆ ప్రకటనలు ఇవ్వవలసింది వారు వార్త రాసిన ఇసుక కాంట్రాక్టరే. అతని మనుషులు కంట్రిబ్యూటరు చెయ్యి విరగ్గొట్టిన రోజున ఆ కార్డు మీద సంతకం చేసిన యాజమాన్యం, అతను మా ఉద్యోగి కాడు, అతనితో మాకు సంబంధం లేదు అంటుంది. సౌదీ కాన్సల్ కనీసం బీరువాలు తెరిచి చూపించాడు, వీరికి ఆ సిగ్గు కూడా లేదు. ప్రకటనల టార్గెట్ ఇంకా ఎంత మిగిలిందో అడగడానికి మాత్రం నెలాఖరుకు ఆ విరిగిన చేతివాడికే ఫోన్ చేస్తారు.