షోలవరం రేస్ బండి అని నంబరు చూసి తేల్చలేం

కొన్నాళ్లుగా తిరుపతి, చిత్తూరు పాత బండ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ చేతులు మారుతూనే ఉంది. దాని సారం ఇది: ‘మన వైపు షెడ్లలో మూలన పడి ఉన్న రాజ్‌దూత్ 350 బండ్లు చాలావరకు షోలవరంలో రేసులాడినవే. వాటిలో ఉన్నది యమహా టీజెడ్ రేస్ ఇంజనే. ఆర్సీలో ఉన్న ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద సరిపోతే అది అసలైన రేస్ బండి. ఎక్స్‌పాన్షన్ చేంబర్లు (రేసు కోసం చేసిన ఉబ్బెత్తు సైలెన్సర్లు), క్లిప్‌ఆన్ హ్యాండిల్ (ఫోర్కులకు బిగించే పొట్టి హ్యాండిల్) ఉంటే ఇక సందేహమే లేదు. నంబరు కొడితే ఆర్టీఓ సైట్లో చరిత్రంతా వస్తుంది. నలభై ఏళ్లు దాటాయి కాబట్టి వింటేజ్ ప్లేటు ఇస్తారు. ముందు సాండ్ బ్లాస్టింగ్ చేయించి కొత్త రంగు వేయించండి, రేటు మూడింతలవుతుంది.’

ఇందులో ఒక్క మాట కూడా నిలబడదు. చివరి సలహా అయితే బండికే చేటు. దీన్ని నమ్మి డబ్బు పోసేవాళ్లు, నిజంగా రేసులాడిన బండి ఆనవాళ్లను తమ చేతులతోనే తుడిచేసేవాళ్లు ఉంటారు. అందుకే మాట మాటకూ జవాబు చెప్పాల్సి వస్తోంది.

ఈ నమ్మకం మన వైపు ఎందుకు నాటుకుందో అర్థం చేసుకోవచ్చు. పుత్తూరు, నాగలాపురం, ఊత్తుకోట మీదుగా రెడ్‌హిల్స్ చేరితే షోలవరం పక్కనే. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆ విమానాల రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ కొన్ని దశాబ్దాల పాటు రేసులు నడిపింది. రాజ్‌దూత్ 350లు అక్కడ పరిగెత్తిన మాట కూడా నిజమే. కానీ ఆ మోడల్ అక్కడ పరిగెత్తడం వేరు, మన ముందు నిలబడి ఉన్న ఈ ఛాసిస్ అక్కడ పరిగెత్తడం వేరు. మొదటిది అందరికీ తెలిసిన సంగతి. రెండోదానికి రుజువు కావాలి.

‘టీజెడ్ ఇంజనే పెట్టారు’ అన్న మాట ముందు చూద్దాం. ఈ పొరపాటు ఎక్కడ పుట్టిందంటే, రెండింటి బోరు (సిలిండర్ వెడల్పు), స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) కొలతలు ఒకటే: 64 మి.మీ., 54 మి.మీ. రెండు సిలిండర్లకు కలిపి 347 సీసీ. కొలతలు కలిశాయి కదా అని ఇంజన్ ఒకటే అనుకున్నారు. టీజెడ్ 350 నీళ్లతో చల్లబడే ఇంజన్, బారెల్‌కు (సిలిండర్‌కు) రెక్కలుండవు. రాజ్‌దూత్‌ది గాలికి చల్లారే ఇంజన్. టీజెడ్‌లో క్లచ్ ఆయిల్ తగలకుండా బయట ఉండే డ్రై క్లచ్, రాజ్‌దూత్‌లో ఆయిల్లో మునిగి తిరిగే క్లచ్. అన్నిటికన్నా తేలికైన గుర్తు కార్బురేటర్ వెనక ఉంటుంది. కార్బురేటర్ విప్పి చూస్తే రాజ్‌దూత్‌లో రీడ్ వాల్వు డబ్బా, దాని మీద పలచటి రేకులు కనిపిస్తాయి. టీజెడ్ 350లో అవి లేవు, పిస్టన్ అంచే పోర్టును (సిలిండర్ గోడలోని రంధ్రాన్ని) తెరిచి మూస్తుంది. టీజెడ్ కంటే ముందు 1972లో వచ్చిన టీఆర్ 3 గాలికి చల్లారే రేస్ ఇంజనే గానీ, దానికీ రీడ్ వాల్వు లేదు, దానిదీ డ్రై క్లచ్చే. కాబట్టి రెక్కల బారెల్, రీడ్ డబ్బా, తడి క్లచ్ మూడూ ఉన్నాయంటే అది రోడ్డు బండి ఇంజన్. దాన్ని రేసుకు తయారు చేసి ఉండొచ్చు, అది వేరే సంగతి.

ఆ రోడ్డు బండి శక్తి కూడా గుర్తుంచుకోవాలి. రాజ్‌దూత్‌కు మూలమైన జపాన్ యమహా ఆర్‌డీ 350 సుమారు 39 హార్స్‌పవర్ బండి. రాజ్‌దూత్ తయారు చేసిన ఎస్కార్ట్స్ కంపెనీ 1983లో ఇక్కడ తెచ్చిన హెచ్‌టీ (హై టార్క్) మోడల్ 30.5, ఆ తర్వాత వచ్చిన ఎల్‌టీ (లో టార్క్) మోడల్ 27. ముందు చక్రానికి జపాన్ బండికి డిస్కు బ్రేకు ఉంటే మన రాజ్‌దూత్‌కు డ్రమ్ము. మెసేజ్‌తో పాటు తిరిగే ఫొటోలో ముందు డిస్కు ఉంటే, అది జపాన్ బండి అయినా కావాలి, లేదా తర్వాత మార్చినదైనా కావాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ‘83 రాజ్‌దూత్’ మాత్రం కాదు.

ఇక నంబర్ల సంగతి. ఆర్సీతో నంబర్లు సరిపోతే తేలేది ఒక్కటే: కాగితం ఈ బండిదే. రేసు గురించి అది ఏమీ చెప్పదు. గట్టిగా రేసులాడిన రెండు స్ట్రోకుల ఇంజన్‌లో పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడితే పిస్టన్ పట్టేస్తుంది, కనెక్టింగ్ రాడ్ తెగితే క్రాంక్‌కేసును (ఇంజన్ కింది పెట్టెను) చీల్చుకుని బయటికొస్తుంది. కొత్త కేసు దొరకని రోజుల్లో చీలికకు ఆర్గాన్ వెల్డింగ్ వేసి నడిపేవాళ్లు. దొరికితే కేసే మార్చేవాళ్లు. ఈ ఇంజన్‌లో క్రాంక్‌కేసు అడ్డంగా రెండు ముక్కలు, రెండూ జతగా బోరు కొట్టినవి. ఒక ముక్క మార్చి రెండోది పాతదే ఉంచితే మెయిన్ బేరింగులు వరుస తప్పుతాయి. అందుకని మార్చినప్పుడు రెండూ మారతాయి, దాంతో నంబరూ మారుతుంది. కనుక రేస్ బండిలో నంబర్లు కలవకపోవడం వింతేమీ కాదు. కలవనప్పుడు వెతకాల్సింది ఆర్సీలో ఇంజన్ మార్పు ఎండార్స్‌మెంట్ (ఆర్టీఓ రాసే నమోదు). దాని మీద ఉండే తేదీ చాలా విలువైనది. ఆ మార్పు ఎప్పుడు జరిగిందో ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడకుండా చెప్పేది అదొక్కటే.

నంబరును చూసే పద్ధతి కూడా ఉంది. ఛాసిస్ నంబరు ఉండే స్టీరింగ్ హెడ్ (హ్యాండిల్ తిరిగే గొట్టం) మీద మట్టి, జిడ్డు కిరోసిన్ గుడ్డతో తుడవండి. ఆకురాయి, వైరు బ్రష్ దగ్గరికి కూడా తేవద్దు. పలచటి కాగితం పెట్టి, మెత్తటి పెన్సిల్ ఏటవాలుగా పట్టుకుని రుద్దండి. ఆర్టీఓ ఆఫీసులో ఛాసిస్ ప్రింటు తీసినట్టే. ఆ ముద్రను భూతద్దంతో చూస్తే కంటికి ఆనని తేడాలు బయటపడతాయి: ఒక అంకె మిగతావాటికన్నా లోతుగా పడటం, వరుస ఒకవైపు ఒరగడం, అంకెల చుట్టూ ఆకురాయి పెట్టి అరగదీసిన సన్న గీతలు, అంకెల అడుగున మరో అంకె నీడ. క్రాంక్‌కేసు మీద నంబరు కొట్టే చోటు చుట్టూ పోతపోసిన లోహం గరుకుగా ఉండాలి. అక్కడ అద్దంలా నున్నగా ఉంటే ఎవరో అరగదీశారని అర్థం. అలాంటి బండిని కొనవద్దు, ఎంత మంచి కథ చెప్పినా సరే.

‘ఎక్స్‌పాన్షన్ చేంబర్లు, క్లిప్‌ఆన్ ఉంటే ఖాయం’ అన్నది ఈ మెసేజ్‌లో అన్నిటికన్నా బలహీనమైన మాట. బోల్టు విప్పి బిగించే ఏ సామానూ చరిత్ర చెప్పదు. చేంబర్లు ఇవాళ కూడా కొత్తవి అమ్ముతున్నారు, క్లిప్‌ఆన్లు అరగంట పని. ఇంజన్‌కు ఆయిల్ తనంతట తానే అందించే ఆటోల్యూబ్ పంపు తీసేసి రేకు మూత వేసి ఉండటాన్ని కూడా కొందరు రుజువుగా చూపిస్తారు. పంపు మీద నమ్మకం లేక పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసుకున్న మామూలు రోడ్డు బండ్లూ చాలా ఉన్నాయి.

చూడాల్సినవి విప్పితే పోనివి. లాక్ వైరు కోసం వేసిన రంధ్రాలు అందులో మొదటివి. రేసులో బోల్టు ఊడి ట్రాక్ మీద ఆయిల్ పడకుండా డ్రెయిన్ బోల్టు తలకు సన్న రంధ్రం వేసి వైరు మెలిపెట్టి కడతారు. బోల్టును వెలుతురుకు పట్టి భూతద్దంతో చూడండి. నిజంగా ఏళ్ల తరబడి వైరు కట్టిన రంధ్రమైతే, వైరు లాగిన వైపు అంచు అరిగి గుండ్రంగా జారి ఉంటుంది, లోపల నల్లటి మడ్డి గట్టిపడి ఉంటుంది. నిన్న మొన్న డ్రిల్లు వేసిందైతే అంచు పదునుగా ఉంటుంది, గోరుకు గీసుకుంటుంది, లోపల లోహం తెల్లగా మెరుస్తుంది. ఒక్క బోల్టుతో ఆగకండి. ఆయిల్ పోసే మూత, యాక్సిల్ నట్లు కూడా చూడండి. రేసుకు తయారైన బండిలో ఈ రంధ్రాలు ఒక లెక్క ప్రకారం ఉంటాయి, ఎక్కడో ఒకచోట మాత్రమే ఉండవు.

తర్వాత ఛాసిస్. సెంటర్ స్టాండు లగ్గులు, వెనక కూర్చునేవారి ఫుట్‌రెస్టు బ్రాకెట్లు బరువు తగ్గించడానికి కోసేసి ఉండొచ్చు. కోసిన చోట రంగు పొరలు లెక్కపెట్టాలి. గోరంత జాగాలో నీళ్లు చిలకరిస్తూ 400 నంబరు వాటర్ పేపర్‌తో, ఆ తర్వాత 800తో మెల్లగా రుద్దితే పొరలు వలయాల్లా బయటపడతాయి. కోత మీద కూడా పాత రంగు పొర ఉంటే ఆ కోత పాతది. కోత మీద పై పొర ఒక్కటే ఉంటే ఈమధ్య కోసింది.

బారెల్ విప్పగలిగితే, రేసు కోసం పోర్టులు పెంచారేమో కొలవండి. బారెల్ పై అంచు నుంచి ఎగ్జాస్ట్ పోర్టు పై అంచు దాకా వెర్నియర్‌తో లోతు తీసి, రెండు సిలిండర్లూ పోల్చాలి. తయారీ పోతలో వచ్చిన గరుకుదనం పోయి, గ్రైండర్ బిట్టు నడిచిన గీతలు కనిపిస్తూ, రెండు వైపులా ఎత్తు దాదాపు సమానంగా ఉంటే తెలిసిన చెయ్యి పడిందని చెప్పొచ్చు. బారెల్ పైముఖం కోయించి ఉంటే ఈ కొలత తప్పుతుంది, అందుకని బారెల్ మొత్తం ఎత్తు కూడా రాసుకోవాలి. బోరు కొలత మరవద్దు. 64.00 నుంచి నాలుగు ఓవర్‌సైజులు (అరిగిన బోరును పెంచే మెట్లు) దాటి 65.00కు వచ్చి ఉంటే ఇంజన్ 358 సీసీ అవుతుంది. ‘350 క్లాసులో గెలిచింది’ అనే బండికి ఆ ఏటి నిబంధనలో ఎంతవరకు అనుమతించారో అడగాల్సిన ప్రశ్న అది. క్రాంక్‌కేసు లోపల తేనె రంగులో, పెట్రోలుకు అంత తేలిగ్గా వదలని పూత కనిపిస్తే ఆముదం ఆధారంగా చేసిన రేసింగ్ ఆయిల్ వాడారన్న అనుమానానికి బలం వస్తుంది.

ఇవన్నీ కలిసినా తేలేది ‘ఈ బండిని రేసుకు తయారు చేశారు’ అని మాత్రమే. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ నడిపారన్నది ఇనుము చెప్పదు.

దానికి కాగితం కావాలి. ‘ఆర్టీఓ సైట్లో అంతా వస్తుంది’ అంటున్నారు. రాదు. ఆ సైట్లో యజమాని పేరు సగం చుక్కలతో వస్తుంది. పాత చేతిరాత రిజిస్టర్ల నుంచి కంప్యూటర్‌కు ఎక్కని బండ్లు అసలు కనిపించవు. రేసు వివరం ఏ ఆర్టీఓ రికార్డులోనూ ఉండదు. అయినా ఆర్సీ పనికొస్తుంది, చదవడం తెలిస్తే. ఏపీ 03 లాంటి రాష్ట్రం, జిల్లా కోడ్ ప్లేట్లు 1989 జూలైలో కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి వచ్చాక వచ్చినవి. కనుక 1984లో తయారైన బండికి ఏపీ 03 ఉంటే, అది దాని మొదటి నంబరు కాకపోవచ్చు. తమిళనాడు నుంచో కర్ణాటక నుంచో ఎన్ఓసీ మీద వచ్చి ఉండొచ్చు, అప్పుడు ఆ పాత నంబరు పట్టుకుని అక్కడి ఆఫీసులో అడగాలి. మొదటి రిజిస్ట్రేషనే 1990లో జరిగితే ఆ ఆరేళ్లూ బండి ఎక్కడుందన్న ప్రశ్న వస్తుంది. షోరూమ్‌లో ఉండిపోయిందా, రిజిస్ట్రేషన్ లేకుండా ట్రాక్ మీద తిరిగిందా? చేతులు మారినప్పుడు ఇచ్చిన 29, 30 ఫారాల నకళ్లు పాత యజమాని ఇంట్లో దొరికితే అవి బంగారం.

బండి ఇంకా పాతదైతే, ఉదాహరణకు తిరుత్తణి వైపు నుంచి వచ్చిన బ్రిటిష్ బండి బీఎస్‌ఏ అయితే, ఇంకో చిక్కుంది. 1953 దాకా చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది, తిరుత్తణి 1960 ఏప్రిల్‌లో తిరిగి మద్రాసుకు వెళ్లింది. అలాంటి బండికి రెండు వైపులా వెతకాల్సిందే.

రేసు వివరాలకు ఆ కాలపు పత్రికలు, రేసు ప్రోగ్రాం పుస్తకాలు, ఫలితాల షీట్లు చూడాలి. చెన్నై ఎగ్మోర్‌లోని కన్నెమరా లైబ్రరీలో పాత పత్రికలు ఉంటాయి. రేసు జరిగిన వారం క్రీడల పేజీతో మొదలుపెట్టండి. ఇక్కడే చాలామంది తడబడతారు. ఫలితాల్లో రైడర్ పేరు, బండి పేరు, రేసు నంబరు ఉంటాయి. ఛాసిస్ నంబరు సాధారణంగా ఉండదు. కాబట్టి ‘ఫలానా రైడర్ రాజ్‌దూత్ మీద గెలిచాడు’ అనే పేపరు ముక్క ఈ బండికి రుజువు కాదు. ఆ రైడర్ పేరుకూ ఈ ఛాసిస్ నంబరుకూ మధ్య వంతెన కావాలి: అమ్మకం రసీదు, ట్రాన్స్‌ఫర్ ఫారం, ఉత్తరం, లేదా ఛాసిస్ మీది గుర్తులు తెలిసే ఫొటో. ట్యాంకు మీద పెయింటు వేసిన 7 అంకె వంతెన కాదు, రేసు నంబరు పోటీ పోటీకి మారుతుంది.

ఫొటో దొరికితే 600 డీపీఐలో ముందూ వెనకా స్కాన్ చేయించండి. వెనక స్టూడియో ముద్ర, తేదీ ఉండొచ్చు. ట్యాంకు సొట్టలు చూసి సంబరపడొద్దు, ట్యాంకులు బండి నుంచి బండికి మారతాయి. ఛాసిస్ మీద వెల్డింగ్ అతుకు, అదనంగా వేసిన రంధ్రం, వంకర తీసిన ట్యూబు లాంటివి కనీసం మూడు కలవాలి. ‘1985, ఇరుంగాట్టుకోట్టై’ అని రాసి ఉన్న ఫొటో వస్తే పక్కన పెట్టేయండి. ఆ ట్రాక్ మొదలైందే 1990లో.

వింటేజ్ ప్లేటు మాట పూర్తిగా తప్పు. 2021 జూలై నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి, 1983 బండికి 2033 దాకా ఆ అవకాశమే లేదు. అప్పుడైనా బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్ కోసి, పోర్టులు పెంచిన రేస్ బండికి ఈ షరతే అడ్డం. కొత్తగా రిజిస్టర్ చేసే పాత బండికే వీఏ సిరీస్ నంబరు, ముందే రిజిస్టరైనవి పాత నంబరు ఉంచుకోవచ్చు.

ఇక సాండ్ బ్లాస్టింగ్. దయచేసి చేయించకండి. పైన చెప్పిన రంగు పొరలు, కోతల వయసు, నంబరు అంకెల పదును ఒక్క గంటలో పోతాయి. విప్పకుండా బ్లాస్టింగ్ చేస్తే ఇసుక బేరింగుల్లో దూరుతుంది. ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి, స్కేలు పక్కన పెట్టి. కిరోసిన్, మెత్తటి బ్రష్‌తో కడగండి, ప్రెషర్ వాషర్ వద్దు. బండి నడపడానికి డ్రెయిన్ బోల్టు కొత్తది వేయక తప్పకపోతే వేయండి. రంధ్రం అరిగిన పాత బోల్టును మాత్రం కడగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఎక్కడ నుంచి ఏ తేదీన తీశారో చీటీ రాసి, ఆర్సీ జిరాక్సుతో కలిపి దాచండి.