సంపులో తొమ్మిది రోజుల నీళ్లు

నూరేళ్లలో హైదరాబాద్ ఇళ్లలో ఏం మారిందంటే కరెంటు, గ్యాసు, ఫ్రిజ్ అంటాం. నీళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. 1908 మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో తలపెట్టిన జలాశయాల్లో గండిపేట 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు పంపుల అవసరం లేకుండా పల్లానికి పారి, నీళ్లు వడగట్టే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేవి. నల్లా వచ్చినా చాలా ఇళ్లలో వాడకానికి చేదబావి ఉండనే ఉండేది.

ఆ ఇళ్లలో తాగే నీళ్లకు నిలవ తక్కువ. ఇత్తడి బిందెలు, రాగి గంగాళాలు ఖాళీ చేసి, చింతపండుతో తోమి, మళ్లీ నింపేవారు. నీళ్లు మడ్డిగా ఉంటే పటిక తిప్పేవారు, లేదా చిల్లగింజ అరగదీసి కలిపేవారు. ఈ చాకిరీ అంతా ఆడవాళ్ల మీదే పడేది, అది పోవడం మంచిదే. అయితే పాత్ర అడుగున ఏం పేరుకుందో రోజూ కంటపడేది. ఇప్పుడు ఆ అడుగు నేల కింది నీళ్ల తొట్టిలో, అంటే సంపులో ఉంది.

ఊరు పెరిగింది. 1965 నుంచి మంజీరా, తర్వాత నాగార్జునసాగర్ నుంచి కృష్ణా, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు తెచ్చుకున్నాం. అయినా చాలా కాలనీలకు నల్లా రోజు విడిచి రోజు, కొన్ని గంటలే. అందుకే ఇంటింటా సంపు తవ్వారు. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు సంపులో సుమారు 5,100 లీటర్లు పడతాయి. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నలుగురికి అవి తొమ్మిది రోజులు సరిపోతాయి. మోటారు పైపు చివర నీళ్లు పీల్చే ఫుట్ వాల్వ్ అడుగుకు ఆరంగుళాల పైన ఉంటే, కింది 510 లీటర్లు మోటారుకు అందనే అందవు. మట్టి, నాచు చేరేది అక్కడే.

నల్లా నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. అది రోజుల తరబడి నిలవదు. మురికి ఉంటే మరీ త్వరగా ఖర్చవుతుంది. మూత నేలమట్టంగా ఉంటే వాకిలి కడిగిన నీళ్లూ, వాన నీళ్లూ లోపలికే. కనీసం ఆరంగుళాల గట్టు కట్టి మూత పెట్టాలి.

ఇంత చెడగొట్టుకుని, సన్నటి పొర గుండా నీళ్లను వడగట్టే ఆర్‌ఓ యంత్రం కొంటున్నాం. నా అభ్యంతరం ఇక్కడే. ఆర్‌ఓ ఉన్నది ఉప్పు తగ్గించడానికి. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు, లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటని నీళ్లకు అది అనవసరం, పైగా ఒక లీటరు ఇచ్చేందుకు రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. అందులోని కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ను తీసేస్తుంది కాబట్టి, వడకట్టి నిలవపెట్టిన నీళ్లకు ఆ రక్షణ ఉండదు. టీడీఎస్ మీటర్ క్రిములను చూపించదన్నది కూడా గుర్తుండాలి. శుభ్రమైన సంపులోని నల్లా నీళ్లకు కాచి వడపోయడమో, క్రిములను చంపే యూవీ (అతినీలలోహిత) దీపమో చాలు.

కడగడం కష్టం కాదు. నల్లా వచ్చే ముందురోజు సంపును మోటారుతో తోడేసి, మోటారు కరెంటు మెయిన్ ఆపేయాలి. మూత తెరిచి గాలి బాగా ఆడనివ్వాలి. పైన మనిషి లేకుండా ఎవరూ దిగకూడదు, ఊపిరాడక ప్రాణాలు పోతాయి. గోడలు, అడుగు నైలాన్ బ్రష్‌తో రుద్ది మడ్డి ఎత్తేయాలి. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలపనే కూడదు, విషవాయువు పుడుతుంది. సంపు నిండాక 1,000 లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున మంచి బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే పోయాలి. గంట ఆగి వాడుకోవాలి.

అపార్ట్‌మెంట్లలో ఇంతకంటే పెద్ద లోపం ఉంది: బోరు, ట్యాంకరు, నల్లా మూడూ ఒకే సంపులో కలుస్తాయి. మంచి నీళ్ల టీడీఎస్ అక్కడే పెరుగుతుంది, ఇంటింటికీ ఆర్‌ఓ అవసరమైపోతుంది. కట్టేటప్పుడే సంపు మధ్యలో పైకప్పు దాకా అడ్డుగోడ లేపి, నల్లా వైపు వేరే మోటారు, చిన్న ట్యాంకు, వంటింటికి ఒక్క పైపు ఇస్తే చాలు. ఇంకుడు గుంత అడుగుతున్న భవన అనుమతుల్లో ఈ రెండు గదుల సంపును కూడా షరతుగా చేర్చాలి. పాత భవనాల్లో సంపు పగలగొట్టక్కర్లేదు. నల్లా కనెక్షన్‌ను నేలమీది వేరే ట్యాంకులోకి మళ్లించి, అక్కణ్నుంచి వంటింటి లైను వేయించుకోవచ్చు.