గోడ మీది బొమ్మకూ మీటరు తిరుగుతుంది

శాన్‌ఫ్రాన్సిస్కోలోని 61 అంతస్తుల సేల్స్‌ఫోర్స్ టవర్ నెత్తిన 2018 నుంచి చీకటి పడగానే బొమ్మలు కదులుతుంటాయి. పగలు కెమెరాలు పట్టిన ఊరి దృశ్యాలను కళాకారుడు జిమ్ క్యాంప్‌బెల్ 11,000 ఎల్‌ఈడీలతో మసకమసకగా ఆడిస్తాడు. అదే భవనానికి హరిత భవనాలకిచ్చే లీడ్ గుర్తింపులో అన్నిటికంటే పైదైన ప్లాటినం రేటింగూ ఉంది. రెండూ కలిసి ఉండకూడదని కాదు నా గొడవ. ఇలాంటి దీపాల కరెంటును ఏ పద్దులో రాస్తారన్నది.

లీడ్ లెక్కలకు ఆధారమైన ఆష్రే 90.1 అనే భవనాల ఇంధన పొదుపు ప్రమాణం బయటి దీపాలకు వాట్ల పరిమితి పెడుతుంది. ప్రజా స్మారకాలకు, రంగస్థల దీపాలకు, నియంత్రణ విడిగా ఉంటే, మినహాయింపు ఇస్తుంది. ఆ సందులోంచి కళను దూర్చి, అసలు లెక్కలోనే చూపకపోతే సరి అనేవాళ్లున్నారు. పరిమితి లేకపోవడం వేరు, లెక్క లేకపోవడం వేరు. పెళ్లింట్లో ఎవరెంత తిన్నారని అడగం గానీ, సరుకుల చీటీలో బియ్యం రాయడం మానేస్తామా?

ఇంకో ఎత్తు ఇంతకంటే గడుసుది. మామూలుగా కడితే ఏడాదికి 10 లక్షల యూనిట్లు తాగే భవనం 7 లక్షలతో నడుస్తోందనుకోండి. పొదుపు 30 శాతం. దానికి 10 కిలోవాట్ల కళాదీపాలు పెట్టి, రోజుకు ఆరు గంటలు వెలిగిస్తే మరో 21,900 యూనిట్లు. మామూలు భవనం లెక్కలోనూ, ఈ భవనం లెక్కలోనూ అదే అంకె వేస్తే పొదుపు 29.4కు దిగుతుంది. అది నిజం. అలాకాక, ‘పాత రకం దీపాలైతే 40 కిలోవాట్లు అయ్యేవి’ అని ఊహల్లోని దీపాలను పోలికకు పెట్టుకున్న మామూలు భవనం గడిలో వేస్తే పొదుపు 33.6కు ఎగబాకుతుంది. కరెంటు ఎక్కువ కాల్చి, ఎక్కువ పచ్చబడ్డామన్నమాట! భవనం ముఖానికి వేసే దీపాలను రెండు గడుల్లోనూ ఒకేలా చూపే పద్ధతి ఎటూ ఉంది. కళకూ అదే చాలు.

నూటికి మూడు వంతులపాటి వాడకం కోసం కళాకారుణ్ని వాట్ల దగ్గర బేరమాడిస్తారా అంటారు. బేరమే వద్దు. ఎంతైనా వెలిగించనివ్వండి, రాయండి.

అసలు జబ్బు దీపాల్లో లేదు, హరిత భవనమని గోడకు తగిలించే ఫలకాల్లో ఉంది. అమెరికా బయట తొలి లీడ్ ప్లాటినం భవనం 2004 నాటి మన హైదరాబాద్ గ్రీన్ బిజినెస్ సెంటరే. ఆ తర్వాత ఐటీ కారిడార్‌లో ఎన్ని గోడలకు ఫలకాలెక్కాయో! వాటిలో చాలా వరకు కట్టేముందు కంప్యూటరులో వేసిన అంచనాకు దక్కినవే. కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఆఫీసు భవనాలకిచ్చే నక్షత్రాలు మాత్రం చదరపు మీటరుకు నిజంగా కాలిన యూనిట్లను చూస్తాయి. ప్రతి హరిత ఫలకం పక్కనా నిరుటి కరెంటు బిల్లు అతికించాలి, బొమ్మల దీపాలతో సహా.