ఇంతకీ వడియాలు ఎక్కడ పెట్టుకోవాలి?

గుంటూరు గోరంట్లలో మా మరిది గృహప్రవేశం భోజనం చేసి ఇప్పుడే ఇంటికొచ్చా. గారెలు బాగున్నాయి, కాదనను. నా బాధంతా ఇంటితోనే. అంత డబ్బు పోసి కట్టాడు, పైన డాబా లేదు! రెండు వైపులా జారిపోయే కప్పు, దాని మీద ఎర్ర పెంకులు. "వడియాలు ఎక్కడ పెట్టుకుంటారయ్యా?" అన్నానంతే, బంతిలో అందరూ ఒకటే నవ్వు. "ఇంకా వడియాలేంటి వదినా, ఆన్‌లైన్లో వస్తాయిగా" అన్నాడు. ఏదో మంచుదేశం ఇంటి ఫొటో ఫోన్లో చూపించి ఇంజినీరు చేత గీయించుకున్నాడట.

నాయనా, అక్కడ మంచు పడుద్ది. పేరుకుంటే ఆ బరువుకి కప్పు కూలిపోద్దని జారేలా కట్టుకుంటారు. కేరళలో ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన, నీళ్ళు నిలవకూడదని వాళ్ళకి వాలు. మనకి అందులో మూడో వంతు పడితే గొప్ప. మేలో 45 డిగ్రీలు చూసే గుంటూరులో జారేదేముంది, చెమట తప్ప?

మన పాతిళ్ళకీ వాలే కదా అని ఎవరో ఒకరు వస్తారు, తెలుసు. అవును, వాలే. తాటాకైనా పెంకైనా ఒకదాని మీద ఒకటి పేర్చిందే కదా, సందుల్లోంచి నీళ్ళు దిగేలోపే జారిపోవాలి. తాటాక్కి ఇంకాస్త నిటారు కావాలి. వానే తక్కువున్న రాయలసీమలో చౌడుమట్టి పరిచి బల్లపరుపుగా మిద్దెలు వేసుకున్నారు. ఆ ఎర్ర బంగళా పెంకు కూడా మన తాతలది కాదు, 1865లో మంగుళూరులో ఒక జర్మన్ మిషనరీ ఫ్యాక్టరీ పెడితే మొదలైంది. అయినా మనకి పనికొచ్చింది. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోయేది, చూరు కిందికి దిగి గోడకి ఎండ తగలనిచ్చేది కాదు.

మరి మావాడు చేసిందేంటి? వాలుగా స్లాబు పోయించి, దాని మీద సిమెంటుతో పెంకులు అతికించాడు. నీళ్ళని స్లాబే ఆపుతుంటే పెంకులెందుకు? గాలి పోయే సందు ఒక్కటన్నా ఉందా? టోపీ పెట్టుకుని, ఆ టోపీ మీద విగ్గు పెట్టుకున్నట్టుంది. పగలంతా తాగిన ఎండని రాత్రి పడుకున్నాక ఆ స్లాబు వాళ్ళ మీదకి కక్కుద్ది. అప్పుడు రెండు ఏసీలు. పోనీ పైన చాప వేసుకుని పడుకుందామంటే జారి సందులో పడతారు.

అయినా వాణ్ణి అని ఏం లాభం! మా అపార్ట్‌మెంటుకి నిక్షేపంలాంటి డాబా ఉంది, దానికి తాళం ఉంది. లీకేజీ రాకుండా మందు పూయించారట, ఎవరూ తొక్కకూడదట. మిర్చి యార్డు ఉన్న ఊళ్ళో, ఏడాది కారం ఆడించుకోవడానికి పది కిలోల మిరపకాయలు గలగలమనేదాకా ఎండబెట్టుకునే చోటు లేదు నాకు! పోయినేడు బాల్కనీలో పోస్తే సగం బూజు పట్టాయి. కమిటీ పెద్దమనిషి గారి బట్టలు మాత్రం రోజూ పైనే ఆరతాయి. ఆయన తొక్కితే లీకవదేమో.

నా బాధ చోటు లేదనే కాదు. తెనాలి పక్కన మా పుట్టింటి పెంకుటిల్లు ఉండేది. టేకు దూలాలు, వెన్నుగాడికి మా తాత చెక్కించిన పువ్వు. ఏటా వానలకి ముందు పెంకులు తీయించి మళ్ళీ నేయించేవాళ్ళు, ఆ రోజు ఇంట్లోకి వెలుగు గళ్ళు గళ్ళుగా పడేది. మా పెదనాన్న కొడుకు ఒక్క వారంలో దింపించేశాడు. ఆడపిల్లలకి ఒక ఫోను లేదు. టేకు ఎంతకి పోయిందో ఇప్పటికీ చెప్పలేదు. నేను వెళ్ళేసరికి మిగిలింది పగిలిన పెంకులు, వాటిలో ఒకటి తెచ్చుకుని తులసికుండీ కింద పెట్టుకున్నా.

ఇవాళ ఆయనా వచ్చాడు. నా పక్క విస్తరే. రెండో గారె తుంచుతూ పైకి చూసి, "అచ్చం మన పాతింటిలా ఉంది కదమ్మా" అన్నాడు.

పెరుగు వడ్డించేవాడు అడ్డమొచ్చాడు కాబట్టి సరిపోయింది.