రొయ్యకున్న పరీక్ష మనిషికేదీ?

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మాటిమాటికీ తిరగబెడితే నెలల తరబడి యాంటీబయాటిక్ మింగడం గోదావరి డెల్టాలో మామూలైపోయింది. ఇది ఆగాలి. యూరిన్ కల్చర్ (మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో తేల్చే పరీక్ష) చేయించకుండా దీర్ఘకాలిక కోర్సు మొదలుపెట్టడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

కిడ్నీలో రాయి, పెరిగిన ప్రొస్టేట్, మూత్రం పోవడానికి పెట్టిన పైపు (కేథటర్), అదుపు తప్పిన సుగర్... వీటిలో ఏదున్నా ఇన్‌ఫెక్షన్ మొండికేస్తుంది. అసలు కారణాన్ని వదిలేసి మాత్రలు వేస్తే మంట నాలుగు రోజులు తగ్గి మళ్లీ వస్తుంది. ఈలోగా మిగిలిపోయిన ఈకొలై బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది.

నైట్రోఫ్యూరాంటాయిన్ అనే యాంటీబయాటిక్ సంగతే చూడండి. మూత్రాశయంలో బాగా పనిచేసే మందే. కానీ కిడ్నీలోకి, ప్రొస్టేట్‌లోకి చాలినంత చేరదు. చలిజ్వరం, నడుం పక్కన నొప్పితో వచ్చిన మనిషికి అది సరిపోదు. నెలల తరబడి వాడితే, అరుదుగానైనా, ఊపిరితిత్తులు దెబ్బతిని పొడిదగ్గు, ఆయాసం రావచ్చు. కాళ్లలో నరాలూ దెబ్బతినవచ్చు. సుగర్ ఉన్న పెద్దావిడ అరికాళ్లు మొద్దుబారుతున్నాయంటే ఇంట్లోవాళ్లు సుగర్ వల్లేననుకుంటారు. మాత్ర మీదికి ఎవరి అనుమానమూ పోదు. పాత స్ట్రిప్పు షాపులో చూపిస్తే ఇంకో పది చేతిలో పెడతారు.

ఇన్‌ఫెక్షన్ రాకుండా ముందుజాగ్రత్తగా రోజూ వేసుకునే యాంటీబయాటిక్‌తో కొందరికి మేలు జరిగే మాట నిజమే. బ్రిటన్‌లో సొంతంగా కేథటర్ పెట్టుకునే రోగులపై జరిగి 2018లో వెలువడిన ట్రయల్‌లో ఇన్‌ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. మందులకు లొంగని బ్యాక్టీరియా మాత్రం పెరిగింది. కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది, అందాకా రోగి బాధపడాలా అని అడుగుతారు. అక్కర్లేదు. ముందు శాంపిల్ తీసుకుని ఆ పూటే మందు మొదలుపెట్టి, రిపోర్టు వచ్చాక మార్చుకోవచ్చు.

పరీక్షలు మన ప్రాంతంలో కుదరవంటే నేనొప్పుకోను. నైట్రోఫ్యూరాంటాయిన్ ఏ కుటుంబానిదో ఆ నైట్రోఫ్యూరాన్లు రొయ్యల సాగులో నిషేధం. భీమవరం వైపు రొయ్యలు పట్టే ముందే చెరువు శాంపిల్ ల్యాబుకు వెళ్తుంది. ఆనవాలు దొరికితే ఎగుమతిదారు సరుకు ముట్టడు. ఎందుకంటే కొనేవాడు యూరప్‌లో కూర్చుని నిలదీస్తాడు. మన తల్లిదండ్రుల మూత్రం శాంపిల్ గురించి అలా నిలదీసేవాడెవడు? పీహెచ్‌సీలో పొద్దున తీసిన శాంపిల్‌ను ఐస్ పెట్టెలో అదే రోజు కల్చర్ చేసే ప్రభుత్వ ల్యాబుకు చేర్చాలి. ఆక్వా ఎగుమతుల మీద సమీక్షలు పెట్టే ఎమ్మెల్యేలూ, కలెక్టర్లూ దీనికి ఎప్పటిలోగా ఏర్పాటు చేస్తారో చెప్పాలి.