కేబిన్‌లో కుక్కర్ కూతలు

మొన్న మెమోరియల్ డే (మే చివరి సోమవారం, అమెరికాలో సెలవు) లాంగ్ వీకెండ్‌కి మూడు కుటుంబాలం కలిసి స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కుకి వెళ్లాం. అట్లాంటా నుంచి ఆ కొండల అంచునున్న గాట్లిన్‌బర్గ్ ఊరు దాదాపు రెండొందల మైళ్లు, దారి ఖాళీగా ఉంటే నాలుగు గంటలు. శుక్రవారం సాయంత్రం మా వ్యాన్ డిక్కీలో ఏమేం ఎక్కాయో చెప్తాను. ఎందుకైనా మంచిదని ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచి, ఐదు లీటర్ల కుక్కర్, రెండు డబ్బాల ఇడ్లీ పిండి, మూత చుట్టూ టేపు వేసిన గోంగూర సీసా, మసాలా పట్టించిన చికెన్‌తో కూలర్, అల్యూమినియం ట్రే నిండా పులిహోర, జంతికలు, ఇంకో సంచిలో ఇంకెవరో చేసిన జంతికలు. నా నడక బూట్లు మాత్రం గరాజ్‌లోనే ఉండిపోయాయి.

ఈ వ్యాసం ఆ బూట్ల గురించే.

నా ఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష, 6.1. ఇంకా షుగర్ అనరు గానీ, దాని గుమ్మంలో నిలబడ్డట్టే. రోజూ అరగంట నడవాలని మా ఆవిడ ఫ్రిజ్ మీద కాగితం అంటించింది. శుక్రవారం బయల్దేరేముందు ఆ కాగితం కేసి చూసి, "సోమవారం ఎలాగూ సెలవు, మంగళవారం నుంచి మొదలెడదాం" అనుకున్నాను. మీరూ ఎప్పుడో ఒకప్పుడు అనుకునే ఉంటారు.

ట్రిప్పుల్లో తిండి అదుపులో ఎలా పెట్టుకోవాలో వాట్సాప్ సలహాలకు కొదవ లేదు. బాదంపప్పు పట్టుకెళ్లండి, నీళ్లు బాగా తాగండి, ప్లేటులో సగం కూరగాయలు పెట్టుకోండి. తప్పేమీ కాదు. కానీ మన ట్రిప్పుల్లో ప్లేటు కంటే ముందు గడియారం పాడవుతుంది. శనివారం మా గడియారం ఎలా నడిచిందో చూడండి. లేచేసరికి తొమ్మిది. పద్నాలుగు మందికి వాయి తర్వాత వాయి ఇడ్లీలు దిగేసరికి పదకొండున్నర. మధ్యాహ్నం భోజనం మూడున్నరకి. ఆరింటికి మిర్చి బజ్జీలు. రాత్రి బిర్యానీ పదిన్నరకి. ఆ తర్వాత డెక్ మీద కబుర్లు, మిక్చర్, బీరు, ఒంటిగంట దాకా. పడుకునే ముందు వాచీ చూసుకుంటే 2,140 అడుగులు. అవి కూడా డైనింగ్ టేబుల్‌కీ డెక్‌కీ మధ్య వేసినవే.

అన్యాయంగా మాట్లాడకూడదు, కొంత కార్డియో జరిగింది. సాంబారు పోపులో ఎండుమిర్చి పడగానే పొగ అలారం మొదలెట్టింది. బావగారు కుర్చీ ఎక్కి టవల్‌తో విసురుతున్నారు, వదిన కిటికీలన్నీ తీస్తోంది, పిల్లలు చెవులు మూసుకుని బయటికి పరుగు. అద్దె కేబిన్‌లో వంటింటికీ హాలుకీ మధ్య గోడ ఉండదు. పోపు ఘాటు నేరుగా సీలింగ్‌కే తగులుతుంది. ఎన్నిసార్లు ఆపినా ఆవాలు చిటపటలాడినప్పుడల్లా మళ్లీ మోగేది.

ఆ రోజు ఆలం కేవ్ ట్రయిల్‌కి వెళ్లాలని రెండు వారాల ముందే అనుకున్నాం. కొండచరియ కిందికి చేరడానికి 2.3 మైళ్లు, రావడానికి అంతే. దారిలో వాగు, కర్ర వంతెనలు, రాతి గుహలాంటి సందులోంచి మెట్లు. మేం ఇడ్లీలు ముగించి అక్కడికి చేరేసరికి కారు పెట్టడానికి చోటే లేదు. పార్కులోకి వెళ్లడానికి టికెట్ లేదు గానీ, పావుగంట దాటి బండి ఆపాలంటే రోజుకి 5 డాలర్ల ట్యాగ్ కొనాలి. 2023 నుంచి అదీ పద్ధతి. ట్యాగ్ కొని, రోడ్డు పక్కన రెండు చక్కర్లు కొట్టి, వెనక్కి వచ్చేశాం. "సరేలే, పకోడీలు వేసుకుందాం" అన్నది నేనే.

ఆదివారం కువోహి ఎక్కాం. మొన్నమొన్నటి దాకా క్లింగ్‌మన్స్ డోమ్ అనేవారు, 2024లో అక్కడి ఆదివాసులైన చెరోకీల పేరు తిరిగి పెట్టారు. స్మోకీస్‌లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం, 6,643 అడుగులు. కారు దాదాపు పైదాకా వెళ్తుంది, అక్కణ్ణుంచి చక్కటి పక్కా దారి, అర మైలే. అర మైలే కదా అనుకుంటే నడుము వంచి ఎక్కించే దారి అది. చెప్పులతో బయల్దేరిన నేను మొదటి బెంచీ దగ్గరే కూలబడ్డాను. డెబ్భై దాటిన ఒక జంట కర్రలు పట్టుకుని నవ్వుతూ నన్ను దాటుకుంటూ పైకి వెళ్లారు. మధ్యాహ్నం తిన్న పెరుగన్నం గొంతులోనే ఉంది.

ఆ బెంచీ మీద కూర్చుని మా నాన్న గుర్తొచ్చారు. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. ఎక్కేరోజు ఆయన కడుపు నిండా తిని బయల్దేరడం నేను చూడలేదు. ఒక కాఫీ, జేబులో రెండు అరటిపళ్లు. సంచిలో పులిహోర ఉంటుంది, అది పైకి వెళ్లాక. మనకి ప్రయాణం తిండి అంటూ ఒకటి ఎప్పుడో ఉంది. పులిహోర, దద్దోజనం, చపాతీలు, వేయించిన పల్లీలు. ఇంట్లో చేసుకుని బయల్దేరితే దారిలో పొయ్యి వెలిగించే పనే ఉండదు. మనం ఆ పులిహోరా తెచ్చుకుంటున్నాం, పొయ్యీ వెలిగిస్తున్నాం.

నా గొడవ బజ్జీలతో కాదు. ఏడాదికి నాలుగైదుసార్లు కలుసుకునే వాళ్లం కలిసి తినకపోతే ఇంకేం చేస్తాం? మా గుంపులోనే ఒకాయన వంటింటి త్రాసు, ప్రొటీన్ పొడి డబ్బా మోసుకొస్తాడు, చికెన్ ముక్కలు తూచి తింటాడు. ఆయన పట్టుదలకి దండం. కానీ ఆయన పక్కన కూర్చుని జిలేబీ తినడం కోర్టు బోనులో నిలబడ్డట్టుంటుంది. మూడు రోజులు ఎవరేం తిన్నారని లెక్క పెట్టడం నాకూ ఇష్టం లేదు.

నేననేది ఇది. వారంలో ఐదు రోజులు కుర్చీకి అతుక్కుని కాల్స్‌లో ఉండే మనకి ఒళ్లు కదిలించడానికి దొరికే మంచి అవకాశమే లాంగ్ వీకెండ్. దాన్నే సెలవు పేరుతో వదిలేస్తున్నాం. పెద్దలకి వారానికి 150 నిమిషాల మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 2023లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం బ్రిటన్‌లో సుమారు 90 వేల మంది చేతికి కదలికలు కొలిచే పట్టీలు కట్టి చూసింది. ఆ వ్యాయామాన్ని చాలావరకు ఒకటి రెండు రోజుల్లోనే చేసినవాళ్లకి కూడా గుండె జబ్బుల ముప్పు, వారమంతా పంచుకుని చేసేవాళ్లకి తగ్గినట్టే తగ్గింది. ఆలం కేవ్ రాకపోకలే మూడు గంటల పని. వారం లెక్క ఒక్క పూటలో తీరిపోయేది.

మనవాళ్లకి ఇది ఇంకాస్త ఎక్కువ అవసరం. మిగతా పెద్దలకి షుగర్ పరీక్ష బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతో చెప్పే లెక్క) 25 దగ్గర మొదలెట్టమనే అమెరికన్ డయాబెటిస్ సంఘం, ఆసియా వాళ్లకి 23 దగ్గరే మొదలెట్టమంటుంది. సన్నగా కనిపిస్తూనే పొట్ట దగ్గర పోగేసుకునే ఒళ్లు మనది. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే కండరాలు రక్తంలో చక్కెరని వాడేసుకుంటాయి. మే నెలాఖరున స్మోకీస్‌లో ఎనిమిదిన్నర దాకా వెలుతురే. ఏడింటికల్లా భోజనం ముగిస్తే నడవడానికి వీలుంటుంది. పదిన్నరకి బిర్యానీ తిన్నాక ఆ చీకట్లో, ఎలుగుబంట్లు తిరిగే కొండ రోడ్డు మీద ఎవరు నడుస్తారు? ఒక్కమాట, ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో కొండెక్కే సాహసం చేయొద్దు. డాక్టర్‌ని ముందే అడగండి, షుగర్ పడిపోతే వేసుకోవడానికి జేబులో గ్లూకోజ్ బిళ్లలు పెట్టుకోండి.

ఇంకో లెక్క కూడా ఉంది, అది మగవాళ్లం మాట్లాడం. మూడు రోజుల్లో వదిన కొండల్ని ఎక్కువగా చూసింది సింకు మీదున్న కిటికీలోంచి. మేం డెక్ మీద ఫిట్‌నెస్ గురించి చర్చించుకుంటుంటే లోపల కుక్కర్ మూడో కూత వేసేది. వంట మూడు పూటల నుంచి ఒక పూటకి తగ్గితే ముందుగా ఆరోగ్యం బాగుపడేది ఆడవాళ్లకే.

సోమవారం ఖాళీ చేసేటప్పుడు అర ట్రే బిర్యానీ మిగిలింది. దాన్ని ఎలుగుబంట్లు తీయలేని ఇనప చెత్తడబ్బాలో వేయాలి. ఆ మూత కొక్కెం ఎటు నొక్కాలో తెలియక మేం నలుగురం అయిదు నిమిషాలు కుస్తీ పట్టాం.

లేబర్ డేకి, అంటే సెప్టెంబరు మొదటి సోమవారం సెలవుకి, మళ్లీ వెళ్తున్నాం. గ్రూపులో నా ప్రతిపాదన పెట్టాను. పొద్దున్న ఏడింటికి ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్లు, ఎనిమిదింటికల్లా ట్రయిల్ దగ్గర. మధ్యాహ్నం సంచిలోని పులిహోర. సాయంత్రం ఆరున్నరకి ఒకే ఒక్క పెద్ద వంట. "బజ్జీలు ఉంటాయిగా?" అని బావగారు నిమిషంలో అడిగారు. ఉంటాయి, కొండ దిగొచ్చాక, కానీ వేయించేది మగవాళ్లమే అని రాశాను. మొదటి మూడింటికీ అందరూ బొటనవేళ్లు పెట్టారు. దీనికి మాత్రం వదిన ఒక్కతే పెట్టింది.