కిడ్నీ నరాలు మాడ్చినా బీపీ మాత్రలు మానేయకండి

"బీపీకి శాశ్వత విముక్తి! ఒక్క గంటలో కిడ్నీ నరం తీసేస్తారు. ఇక జీవితాంతం మాత్రలు అక్కర్లేదు. మాత్రలు కిడ్నీలను తినేస్తాయి. అమెరికా ఒప్పుకుంది. మందుల కంపెనీలు దాచాయి." ఫ్యామిలీ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు... ఎక్కడ చూసినా ఇదే.

నరం తీసేయరు. తొడ దగ్గర నుంచి కాథెటర్ అనే సన్నని గొట్టం పంపి, కిడ్నీ ధమని చుట్టూ అల్లుకున్న సన్నని నరాలను వేడితో మాడుస్తారు. దీన్నే రీనల్ డినర్వేషన్ అంటారు. సరే, ఇది చిన్న తప్పే.

కంపెనీలు దాచాయట! ఈ చికిత్స పరికరాలు అమ్మేవాళ్లలో మెడ్‌ట్రానిక్ అనే పెద్ద కంపెనీ ఒకటి. అదేమన్నా ధర్మసత్రమా?

అమెరికా 2023 నవంబరులో ఈ చికిత్సను ఒప్పుకున్న మాట నిజమే. అలవాట్లు మార్చుకుని, మందులు వాడినా బీపీ అదుపులోకి రానివాళ్లకు, ఆ మందులతో పాటు చేయడానికి. ఈ సగం మెసేజ్‌లో లేదు.

ఇక "మాత్రలు అక్కర్లేదు" సంగతి. దీన్ని చదివి మా బాబాయి "అయితే నావి ఆపేయనా?" అని అడిగారు. నాకు ఒళ్లు మండింది అక్కడే. 2014లో వచ్చిన సింప్లిసిటీ హెచ్‌టీఎన్-3 ట్రయల్లో 535 మంది ఉన్నారు. కొందరికి నరాలు మాడ్చారు, మిగతావాళ్లకు ఊరికే యాంజియోగ్రామ్ చేసి, ఏం చేశారో చెప్పకుండా ఉంచారు. ఆరు నెలలకు పై బీపీ మొదటివాళ్లకు సుమారు 14 తగ్గింది. ఏమీ చేయనివాళ్లకు? దాదాపు 12! తర్వాత పద్ధతి మెరుగైంది. 2020 నాటి ట్రయల్లో, మందులు వాడనివాళ్లలో, ఏమీ చేయనివాళ్లతో పోలిస్తే, 24 గంటల సగటు పై బీపీలో వచ్చిన తేడా దాదాపు 4 పాయింట్లు. అంటే 160 ఉన్నాయన 156కి దిగుతాడు. ఆ సంబరంలో మాత్రల డబ్బా చెత్తబుట్టలో వేసేయాలి కాబోలు!

కిడ్నీలను తినేది మాత్ర కాదు, అదుపు లేని బీపీ. యూరిన్‌లో ప్రొటీన్ పోతున్న షుగర్ పేషెంట్లకు టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు ఇచ్చేదే కిడ్నీలను కాపాడటానికి. క్లోనిడిన్ అనే బీపీ మాత్ర ఒక్కసారిగా మానేస్తే బీపీ ఎగదన్నుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లు మెటోప్రోలాల్ అనే మరో మాత్ర హఠాత్తుగా ఆపితే గుండెపోటే రావచ్చు. ఫార్వర్డ్ చేసినవాళ్లు అంబులెన్స్ కూడా పంపిస్తారా?

అలాగని చికిత్స బూటకమని నేననను. మూడేళ్ల తర్వాత చూసినా తగ్గుదల నిలిచే ఉంది. తెల్లవారుజామునా, మాత్ర మర్చిపోయిన రోజునా కూడా పనిచేస్తుంది. మూడు రకాల మందులు సరిగ్గా వాడుతున్నా బీపీ దిగనివాళ్లు డాక్టరును అడగొచ్చు. కాకపోతే ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పే పరీక్ష ఇంకా రాలేదు.